పాతిక అంతస్తుల చెక్క మేడ: మన పిల్లలకు దారెటు?

అమెరికాలోని మిల్వాకీలో 2022లో పూర్తయిన అసెంట్ భవనం 25 అంతస్తులు, 86.6 మీటర్ల ఎత్తు. కింద దుకాణాలు, పార్కింగ్, పైన అపార్ట్‌మెంట్లు. అడుగు అంతస్తులు, లిఫ్టు గోడలు కాంక్రీటు. పై 19 అంతస్తులు మాత్రం కలప దూలాలు, కలప పలకలే. దీన్నే టింబర్ హైబ్రిడ్ నిర్మాణం అంటున్నారు.

ఈ మాట చెబితే శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలిలో ఎవరైనా ముందు అడిగేది ఒకటే: చెద పట్టదా, నిప్పంటుకోదా? తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమవడం చూసిన ఉద్దానం వాళ్లయితే గాలి సంగతేమిటనీ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నలే. ఈ రంగంలో జీతమిచ్చేది కూడా వాటికి లెక్కతో జవాబు చెప్పేవాళ్లకే. లావు దూలం కాలితే పైపొర బొగ్గై లోపలి కలపను కాస్తుంది. కాలేది నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్లు, గంటకు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు. అంత మందం ముందే కలిపి డిజైన్ చేస్తారు. ఇక తయారీలో, పలకలను అడ్డంగా, నిలువుగా పొరలు పేర్చి జిగురుతో అతికించే ముందు మీటరు సూదులు గుచ్చి తేమ చూస్తారు. అది 12 శాతం దగ్గర ఉండాలి.

మన దేశంలో ఉద్యోగాలు ఇంకా కొద్దే. 1993లో కేంద్ర ప్రజా పనుల శాఖ తన నిర్మాణాల్లో కలప వాడకంపై పెట్టిన నిషేధం 2020లో గానీ తొలగలేదు. కాబట్టి దీన్నే నమ్ముకుని చదువు ఎంచుకోవద్దు. సివిల్ చదివేవాళ్లు స్టీలు, కాంక్రీటు డిజైన్‌తో పాటు కలప డిజైన్‌కు వాడే ఐఎస్ 883 కోడ్, భవనాన్ని కంప్యూటర్‌లో నమూనాగా గీసే బిమ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. ఆర్కిటెక్చర్ కావాలంటే విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ) ఉంది, ప్రవేశం జేఈఈ మెయిన్ పేపర్-2 ద్వారా. బీఎస్సీ వాళ్లకు డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో వుడ్ సైన్స్ ఎమ్మెస్సీ ఉంది.

ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ ఏడాదే. దాన్ని చిన్నచూపు చూడకండి, కంప్యూటర్ ఆదేశాలతో కోసే సీఎన్‌సీ యంత్రం నడపడం తోడైతే విలువ పెరుగుతుంది. వజ్రపుకొత్తూరు తీరం నుంచి రిగ్గర్లుగా, వెల్డర్లుగా విదేశాలకు వెళ్లే కుర్రాళ్లకు నిజానికి ఇది దగ్గరి పనే. పలకలు ఫ్యాక్టరీలో కోసే వస్తాయి. సైట్లో క్రేన్‌తో ఎత్తి, ఉక్కు ప్లేట్లకు బిగించడమే. అయితే ఏజెంటుకు రూపాయి కట్టే ముందు అతని పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోండి.