చీటీ వెనుక ఎవరు?

దొంగ-పోలీసు చీటీల ఆట మీరంతా ఆడే ఉంటారు. నాలుగు కాగితం ముక్కల మీద రాజు, రాణి, దొంగ, పోలీసు అని రాసి, మడిచి, కలిపి నేలమీద వేస్తారు. తలా ఒకటి తీస్తారు. పోలీసు చీటీ వచ్చినవారు దొంగ ఎవరో చెప్పాలి. మిగిలినవారు ముగ్గురు. ఊరికే ఊహిస్తే సరిపోయే అవకాశం 1/3. రాజు తన చీటీ ముందే చూపిస్తే అది 1/2 అవుతుంది. అంటే ఒక్క చిన్న సమాచారం మన లెక్కనే మార్చేసింది. ఆ లెక్క ఎలా మారుతుందో ఈసారి కాస్త పెద్ద ఆటలో చూద్దాం.

ఆ ఆట పేరు ‘బ్యాంగ్!’. ఇటలీకి చెందిన ఎమిలియానో షార్రా దీన్ని రూపొందించాడు. 2002లో వెలువడింది. గుర్రాలు, తుపాకులు, బందిపోట్లు గల అమెరికా పడమటి సీమ దీనికి రంగస్థలం. 1971లో కృష్ణ నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ మన తెలుగువారికి చూపించిన కౌబాయ్ లోకమే అది.

నలుగురి నుంచి ఏడుగురి వరకు ఆడవచ్చు. ఏడుగురు ఉంటే ఒకరు షెరీఫ్, అంటే ఆ ఊరి రక్షణాధికారి. ఇద్దరు అతని అనుచరులు. ముగ్గురు బందిపోట్లు. మిగిలిన ఒక్కడు ఏ పక్షానికీ చెందడు. చివరికి తానొక్కడే మిగలాలని చూస్తాడు. అతన్ని మనం మోసగాడు అందాం. బందిపోట్లు షెరీఫ్‌ను పడగొట్టాలి, అనుచరులు అతన్ని కాపాడాలి. షెరీఫ్ మాత్రమే తన కార్డు అందరికీ చూపిస్తాడు. తక్కిన ఆరుగురి పాత్రలు రహస్యం. ఎవరైనా ఓడిపోతే అప్పుడు వారి కార్డు బయటపెడతారు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడమీద ఏడుగురు పిల్లలు గుండ్రంగా కూర్చున్నారనుకోండి. నలుగురు ఆ వీధివారే. ముగ్గురు ఎల్.బి.నగర్ నుంచి మెట్రోలో వచ్చిన కొత్తవారు. మీరు షెరీఫ్. మీ ముగ్గురు మిత్రుల ముఖాలు మీకు అలవాటే. కాబట్టి “ఆ వచ్చిన ముగ్గురే బందిపోట్లు” అని మనసు తొందరపడుతుంది. అది ఎంతవరకు నిజం కావచ్చు?

లెక్క వేద్దాం. మోసగాడు ఆరుగురిలో ఎవరైనా కావచ్చు: 6 విధాలు. మిగిలిన ఐదుగురిలో ఇద్దరు అనుచరులను 10 విధాలుగా ఎంచవచ్చు. మిగిలినవారు బందిపోట్లు. అంటే మొత్తం 6 × 10 = 60 అమరికలు. ఈ అరవైలో ఆ ముగ్గురు కొత్తవారే బందిపోట్లయ్యేవి ఎన్ని? మీ ముగ్గురు మిత్రుల్లో ఒకరు మోసగాడు, ఇద్దరు అనుచరులు కావాలి. అది 3 విధాలు మాత్రమే. సంభావ్యత 3/60, అంటే ఇరవైలో ఒక్కటి! ఎవరు ఏ పేట నుంచి వచ్చారో కార్డులకు తెలియదు కదా.

తప్పు అనుమానానికి ఈ ఆటలో శిక్ష కూడా ఉంది. షెరీఫ్ తన అనుచరుణ్ణే పడగొడితే తన దగ్గరున్న కార్డులన్నీ వదులుకోవాలి. గుడ్డిగా ఎవరినో ఎంచితే అలా జరిగే సంభావ్యత 2/6, అంటే 1/3.

మరి ఎలా తేల్చాలి? మనిషిని కాదు, అతను చేసిన పనిని చూడాలి. మీ కుడిపక్క పిల్లవాడు మొదటి వంతులోనే మిమ్మల్ని కాల్చాడనుకోండి. అనుచరుడు షెరీఫ్‌ను కాల్చడు అనుకుందాం. అరవై అమరికల్లో అతను బందిపోటు అయ్యేవి 30, అనుచరుడు అయ్యేవి 20, మోసగాడు అయ్యేవి 10. ఆ 20 కొట్టేయండి. మిగిలినవి 40. అతను బందిపోటు అయ్యే సంభావ్యత 30/40, అంటే 3/4. ముందు సగం ఉన్నది ముప్పావు అయింది. కానీ పూర్తి కాలేదు.

కాసేపటికి మరొకరు ఓడిపోయారు. కార్డు తిప్పితే అది మోసగాడిది. అంటే మీ కుడిపక్కవాడు మోసగాడు కాడు. ఇక నిశ్చయంగా బందిపోటే. ఎక్కడో తిరగబడిన కార్డు ఇక్కడి గుట్టు విప్పింది! అయితే ఇదంతా ‘అనుచరుడు కాల్చడు’ అన్న ఒక్క మాట మీద నిలబడింది. ఆ మాట తప్పితే లెక్కా తప్పుతుంది.

ఇంకో మెలిక చూడండి. మీకు దూరంగా, అటువైపు కూర్చున్నవారు మిమ్మల్ని కాల్చలేదు. కాబట్టి వారు మంచివారేనా? ఆట మొదట్లో అందరి తుపాకీ పక్కవారి దాకానే పారుతుంది. వారు కాల్చాలనుకున్నా కాల్చలేరు. చేయలేని పని చేయకపోవడం సాక్ష్యం కాదు.

శాస్త్రజ్ఞులకూ ఈ మెలిక ఎదురవుతుంది. దోమలే మలేరియాను మోస్తాయన్న అనుమానంతో రొనాల్డ్ రాస్ 1895లో మన సికింద్రాబాదులో పరిశోధన మొదలుపెట్టాడు. చాలాకాలం పాటు ఆయన కోసి చూసిన దోమల్లో ఆ క్రిమి పెరుగుతున్న జాడ దొరకలేదు. అంతమాత్రాన దోమలన్నీ నిర్దోషులని ఆయన తీర్పు చెప్పలేదు. నిజానికి అవి మనిషి మలేరియాను మోయగల జాతివి కావు. 1897 ఆగస్టు 20న మరో జాతి దోమ కడుపు గోడలో ఆయన వెతుకుతున్నది కనిపించింది. ఆ జాతే ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటున్నది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

తరగతిలో ఎవరి పెన్నో పోతుంది. వెంటనే చూపులన్నీ కొత్తగా చేరిన విద్యార్థి మీదికి పోతాయి. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. మొత్తం ఎన్ని అవకాశాలున్నాయి? మనం నిజంగా చూసింది ఏమిటి? దానివల్ల కొట్టివేయదగినవి ఏవి? ఆటలో పొరపడితే కార్డులు పోతాయి, మళ్లీ పంచుకోవచ్చు. తరగతిలో పొరపడితే ఒక తోటి విద్యార్థి తలదించుకుని ఇంటికి పోతాడు.

మీరే చేసి చూడండి: ఐదుగురు ఆడితే ఒక షెరీఫ్, ఒక అనుచరుడు, ఇద్దరు బందిపోట్లు, ఒక మోసగాడు ఉంటారు. పాత్రలు చీటీల మీద రాసుకోండి. (1) షెరీఫ్‌కు ఎన్ని అమరికలు సాధ్యం? (2) ఒకరు షెరీఫ్‌ను కాల్చాక ఎన్ని మిగులుతాయి? (3) ఆ కాల్చినవారు బందిపోటు అయ్యే సంభావ్యత ఎంత?

జవాబులు: (1) 12 (2) 9 (3) 2/3.