వివాహ వీసా ఇంటర్వ్యూ: నేతపేటల దంపతులు తెలుసుకోవలసినవి

సోలాపూర్ తూర్పు భాగంలోని నేత కుటుంబాలకు వలస కొత్త కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకొని తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలే సాఖర్ పేఠ, దాజీ పేఠ, అశోక్ చౌక్ పరిసరాలను నేతపేటలుగా నిలిపాయి. ఆనాటి వలసకు బంధువు మాట చాలింది. కాగితం అడిగినవారు లేరు. నేడు ఆ కుటుంబాల పిల్లలకు అమెరికాలో స్థిరపడిన వారితో సంబంధాలు కుదురుతున్నాయి. పెళ్లి రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది గాని, దంపతులు ఒక ఇంటివారు కావడానికి నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు పడుతుంది. ఆ నిరీక్షణకు చివరి గడప ముంబయిలోని అమెరికా కాన్సులేట్‌లో జరిగే ఇంటర్వ్యూ.

ఆ ఇంటర్వ్యూ సాధారణంగా కొద్ది నిమిషాలే సాగుతుంది. దానిలో ఎదురయ్యే చిక్కులలో అధిక భాగం ప్రశ్నల వల్ల కాక కాగితాల వల్ల పుడతాయి. ఆ కాగితాలలో ముఖ్యమైన రెండు, అనగా జనన ధ్రువపత్రం, వివాహ నమోదు ధ్రువపత్రం, మహానగరపాలిక నుండే వెలువడతాయి. కనుక సన్నాహం ముంబయిలో కాక సోలాపూర్‌లోనే మొదలుకావాలి.

దరఖాస్తు నడిచే దారి

అమెరికాలో ఉన్న భర్త లేదా భార్య ముందుగా అక్కడి పౌరసత్వ, వలస సేవల శాఖకు ఐ-130 అనే అర్జీ సమర్పిస్తారు. అర్జీదారు అమెరికా పౌరుడైతే జీవిత భాగస్వామికి వార్షిక సంఖ్యా పరిమితి వర్తించదు. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవారైతే పరిమితి వర్తిస్తుంది. వరుస వచ్చేవరకు వేచి ఉండాలి. సంబంధం మాట్లాడుకొనే దశలోనే ఈ రెండింటి భేదాన్ని అడిగి తెలుసుకొనడం మర్యాదకు భంగం కాదు.

అర్జీ ఆమోదం పొందిన పిమ్మట వ్యవహారం న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని నేషనల్ వీసా సెంటర్‌కు చేరుతుంది. అక్కడ రుసుములు చెల్లించి, డీఎస్-260 అనే దరఖాస్తును అంతర్జాలంలో పూరించి, పత్రాల ప్రతులు జతపరచాలి. అర్జీదారు ఐ-864 అనే పోషణ హామీ పత్రం ఇస్తారు. కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి అమెరికా ప్రభుత్వం ప్రకటించే పేదరిక ప్రమాణానికి 125 శాతం ఆదాయం చూపడం సాధారణ నియమం. చాలనిచోట మరొకరు సహ హామీదారుగా నిలువవచ్చు. వధువు తండ్రి పేరనున్న ఇంటి పత్రాలు, మరమగ్గాల రసీదులు ఈ లెక్కలోకి రావు. వాటిని సంచినిండా మోసుకొని ముంబయి వెళ్లే కుటుంబాలు ఆ భారం తగ్గించుకోవచ్చు.

డీఎస్-260లో పదహారేళ్ల వయసు నుండి నివసించిన చిరునామాలన్నీ అడుగుతారు. అద్దె ఇళ్లు తరచుగా మారే నేత కుటుంబాలకు ఇది కష్టమైన ప్రశ్న. తల్లిదండ్రులను, ఇరుగుపొరుగును అడిగి, పాత రేషన్ కార్డు, విద్యుత్తు బిల్లు, పాఠశాల దాఖలా ముందుంచుకొని సంవత్సరాల క్రమంలో ఒక పట్టిక వ్రాసుకొన్న తరువాతే దరఖాస్తు తెరవడం మేలు. వృత్తి విషయంలోనూ ఇంతే. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన యువతి పేరుకు ఎదురుగా దరఖాస్తు నింపేవారు ‘గృహిణి’ అని వ్రాసివేయడం కద్దు. బీడీ పని నామోషీ కాదు, వీసాకు అడ్డంకీ కాదు. ఉన్న పనిని దాచిన దరఖాస్తు మాత్రం, అధికారి ప్రశ్నకు నిజం చెప్పిన క్షణంలోనే, తనకు తానే విరుద్ధమవుతుంది.

పేరు ఒకటి, రూపాలు నాలుగు

తెలుగు ఇంట పుట్టి, మరాఠీ దాఖలాలో నమోదై, ఆంగ్లంలో పాస్‌పోర్టు పొందిన పేరు మూడు లిపులు దాటి వస్తుంది. ఇంట్లో నర్సమ్మ, పాఠశాల పుస్తకంలో నర్సుబాయి, ఆధార్‌లో నర్సవ్వ, పాస్‌పోర్టులో ‘బాయి’ లేని నర్సు కావచ్చు. ఇంటిపేరు చివరి ద్విత్వాక్షరం మరాఠీలో ఒంటి అక్షరమవుతుంది. మహారాష్ట్ర పద్ధతి ప్రకారం మధ్యలో పెళ్లికి ముందు తండ్రి పేరు, పెళ్లి తరువాత భర్త పేరు చేరుతుంది. కొన్ని ఇళ్లలో పెళ్లిపీటల మీదనే వధువు పేరు మార్చే ఆచారమూ ప్రవేశించింది. ఈ నాలుగు రూపాలు ఒకే వ్యక్తివని సోలాపూర్‌లో ఎవరూ సందేహించరు. విదేశీ అధికారి ముందు మాత్రం అవి నలుగురు వ్యక్తులు.

దీనికి తగిన మార్గం పాస్‌పోర్టులోని పేరును ఆధారంగా తీసుకొని, మిగిలిన పత్రాలలో సవరణకు వీలైన వాటిని సవరించుకొనడం. జనన నమోదులోని అక్షర దోషాన్ని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం నమోదు అధికారి సరిదిద్దగలరు. జననమే నమోదు కాకపోయి ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం. దాఖలా దొరకనిచోట ‘నమోదు లభ్యం కాదు’ అనే పత్రం పొంది, దానికి పాఠశాల దాఖలాను, తల్లిదండ్రుల ప్రమాణ పత్రాన్ని తోడుగా ఉంచవచ్చు. సవరణకు వీలుకాని పాత పత్రాల విషయంలో, పేర్లన్నీ ఒకరివేనని ప్రమాణ పత్రం ఇవ్వాలి. డీఎస్-260లో ‘మీకు వేరే పేర్లు ఉన్నవా’ అన్న ప్రశ్నకు ఆ రూపాలన్నీ వ్రాయడం తప్పనిసరి. పెళ్లి అయినంత మాత్రాన పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలన్న నిర్బంధం లేదు. వీసా నడుస్తుండగా పేరు మార్చుకొనడం వలన చిక్కులే ఎక్కువ.

మరాఠీ, తెలుగు పత్రాలకు ఆంగ్లానువాదం జతపరచాలి. అనువాదం సరైనదనీ, రెండు భాషలూ తనకు వచ్చుననీ అనువాదకుడు సంతకంతో ధ్రువీకరించాలి. మూలంలో దోషం ఉంటే అనువాదకుడు దానిని దోషంగానే అనువదించాలి గాని తన చేతితో దిద్దరాదు. ‘కొంచెం సరిచేసి వ్రాయండి’ అని బతిమాలడం కుటుంబానికే హాని.

పెళ్లి ఏనాడు జరిగినట్లు?

1998 నాటి మహారాష్ట్ర వివాహ నమోదు చట్టం ప్రకారం వధూవరులు, ముగ్గురు సాక్షులు, పెళ్లి జరిపించిన పురోహితుడు సంతకాలు చేసిన వివాహ జ్ఞాపిక సమర్పించి ధ్రువపత్రం పొందాలి. గడువు తొంభై రోజులు; ఆలస్యమైతే అపరాధ రుసుము ఉంటుంది. వివాహాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేయవలసిందిగా సర్వోన్నత న్యాయస్థానం 2006 ఫిబ్రవరిలో ఆదేశించింది.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన అలవాటును ప్రస్తావించక తప్పదు. వరునికి సెలవు లేదనీ, వీసాకు ఆలస్యమవుతుందనీ ముందుగా నమోదు చేయించి, ‘అసలు పెళ్లి’ ఆరు నెలల తరువాత పెట్టుకొనే కుటుంబాలు ఉన్నాయి. హిందూ వివాహ చట్టం, 1955లోని 7వ విభాగం ప్రకారం ఆచార విధులతోనే వివాహం సిద్ధిస్తుంది. నమోదు జరిగిన వివాహానికి రుజువే తప్ప వివాహాన్ని సృష్టించేది కాదు. సర్వోన్నత న్యాయస్థానం 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పులో, విధులు జరగని పెళ్లికి తీసుకొన్న ధ్రువపత్రం చెల్లదని చెప్పుతూ, వీసా కోసం ఇలా ముందుగా నమోదు చేయించే పద్ధతిని ప్రత్యేకంగా మందలించింది. అటువంటి దంపతులను కాన్సులేట్ అధికారి ‘మీ పెళ్లి ఎప్పుడు?’ అని అడిగితే, ధ్రువపత్రం ఒక తేదీ, శుభలేఖ మరొక తేదీ చెబుతాయి. నిజంగా తొందర ఉన్నవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మార్గం చూపుతుంది. ముప్పై రోజుల ప్రకటన తరువాత అధికారి ఎదుట జరిగే ఆ వివాహం దానంతట అదే సంపూర్ణం. వీడియోలో వరుడు, పీటల మీద వధువు ఉండే పెళ్లి, దంపతులు ఆ తరువాత కాపురం చేసి ఉంటే తప్ప, అమెరికా వలస చట్టం దృష్టిలో పెళ్లే కాదు.

మేనరికం గురించి చాలామంది భయపడి బంధుత్వాన్ని దాచుతారు. అది అనవసరం. ఆచారం అనుమతించిన చోట మేనత్త, మేనమామ పిల్లల మధ్య వివాహాన్ని మన చట్టం అంగీకరిస్తుంది. అమెరికా వలస అధికారులు మొదట వివాహం జరిగిన చోటి చట్టాన్నే చూస్తారు. అయితే కాపురం పెట్టబోయే రాష్ట్రపు చట్టం కూడా పరిశీలనకు వస్తుంది. మేనమామను చేసుకొన్న పిల్ల విషయంలో ఇది మరింత గట్టిగా వర్తిస్తుంది. అక్కడి అనేక రాష్ట్రాలు ఆ బంధాన్ని నిషేధించాయి. అటువంటివారు అర్జీకి ముందే న్యాయవాదిని సంప్రదించాలి.

ఇరువురిలో ఎవరికైనా పూర్వ వివాహం ఉంటే విడాకుల డిక్రీ చూపాలి. కులపెద్దల సమక్షంలో వ్రాసుకొన్న విడుదల కాగితం మీదనే ఆధారపడటం సాహసం. ఆచార విడాకులను హిందూ వివాహ చట్టం 29వ విభాగం గుర్తించినా, ఆ ఆచారం ఉన్నదని రుజువు చేయవలసిన భారం చెప్పేవారిదే. సివిల్ కోర్టు నుండి ప్రకటన పొందడం మేలైన మార్గం.

వైద్య పరీక్ష, పోలీసు పత్రం

పోలీసు నిరభ్యంతర పత్రాన్ని పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా పొందాలి; సోలాపూర్ జిల్లా పుణె ప్రాంతీయ కార్యాలయ పరిధిలో ఉంది. వైద్య పరీక్షను కాన్సులేట్ గుర్తించిన వైద్యులే చేయాలి. కుటుంబ వైద్యుని పత్రం చెల్లదు. టీకాల పాత కార్డులు వెంట తీసుకువెళితే అనవసరమైన సూదులు తప్పుతాయి. ఛాతీ ఎక్స్‌రేలో అనుమానం కలిగితే కఫం సాగు పరీక్ష చేస్తారు. ఫలితానికి దాదాపు ఎనిమిది వారాలు పడుతుంది. నూలు ధూళిలో పెరిగినవారికి, ఇంట్లో ఎవరికైనా క్షయ చికిత్స జరిగినవారికి ఈ సంగతి ముఖ్యం. పాత చికిత్స పత్రాలు, పాత ఎక్స్‌రేలు దాచక చూపాలి. పరీక్షను ఇంటర్వ్యూకు ముందు రోజుకు వాయిదా వేయడం తెలివైన పని కాదు.

ఇంటర్వ్యూ నాడు

సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి తెల్లవారి నేరుగా బాంద్రా–కుర్లా కాంప్లెక్సుకు చేరాలనుకొనే కుటుంబాలు ఉన్నాయి. బండి ఆలస్యమైతే తేదీ పోతుంది. పైగా ఇంటర్వ్యూకు ముందే వేలిముద్రలు, ఫొటో ఇవ్వడానికి వీసా దరఖాస్తు కేంద్రానికి వేరుగా వెళ్లాలి. కనుక ఒకటి రెండు రోజులు ముందుగా చేరడం ఉచితం. లోపలికి ఫోను అనుమతించరు. అమెరికాలోని భర్త రావలసిన అవసరం లేదు.

గవాక్షం దగ్గర కుడిచేయి ఎత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేయించి ప్రశ్నలు మొదలుపెడతారు. సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్లిచూపులు ఎక్కడ, భర్త ఏ సంస్థలో ఏ పని చేస్తారు, పెళ్లి తరువాత ఎన్నిసార్లు కలిశారు, రోజూ ఎలా మాట్లాడుకొంటారు అనేవి సాధారణంగా వచ్చేవి. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు ఆ అధికారులకు తెలియనివి కావు. ప్రేమకథ కల్పించవలసిన పని లేదు. ‘మా పెదనాన్న తెచ్చిన సంబంధం, రెండుసార్లు చూసుకొన్నాం’ అన్నది చక్కని జవాబు. తెలియని దానికి తెలియదని చెప్పడం కూడా జవాబే. బట్టీపట్టిన వాక్యాలు ఒకరి నోట మరొకరి మాటలుగా వినిపిస్తాయి. ఆంగ్లం తడబడేవారు తమకు ఏ భాష సులభమో మొదటే చెప్పాలి.

పెళ్లి ఫొటోలలో వధూవరులు మాత్రమే ఉన్నవాటికంటే ఇరువైపుల పెద్దలు కలిసి ఉన్నవి బలమైనవి. శుభలేఖ, ప్రయాణ టికెట్లు, పంపిన డబ్బు వివరాలు, సందేశాల కొన్ని పుటలు చాలు. ముఖ్య వాస్తవాన్ని అబద్ధమాడి దాచినట్లు తేలితే శాశ్వత నిషేధం పడవచ్చు. వలస కోసమే దొంగ పెళ్లి చేసుకొనడం అక్కడ ఐదేళ్ల వరకు జైలు పడే నేరం.

221(జి) అని ఉన్న కాగితం చేతికి ఇస్తే కంగారు పడనవసరం లేదు. ఏదో పత్రం తక్కువైందని, లేదా ఇంకా పరిశీలన ఉన్నదని దాని అర్థం. అడిగినది ఏడాదిలోగా అందజేస్తే వ్యవహారం తిరిగి కదులుతుంది. ‘లోపల మనిషి ఉన్నాడు’ అని డబ్బు అడిగే మధ్యవర్తికి ఆ కాగితం చూపరాదు.

వీసా వచ్చిన తరువాత

అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతు కార్డు ఇస్తారు. అది ముగిసే ముందు తొంభై రోజులలో దంపతులిద్దరూ కలిసి ఐ-751 దాఖలు చేయాలి. భర్త సంతకం చేయనని బెదిరిస్తే భార్యకు దారి మూసుకుపోదు. హింసకు గురైన జీవిత భాగస్వామి ఒంటరిగానే మినహాయింపు కోరవచ్చు. 1990 నాటి చట్టం ఆ రక్షణ కల్పించింది. ఎన్నారై భర్తలపై ఫిర్యాదులకు జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుండి ప్రత్యేక విభాగం పనిచేస్తున్నది. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. వివాహ ధ్రువపత్రం, భర్త పాస్‌పోర్టు ప్రతి, ఆయన పనిచేసే సంస్థ చిరునామా, పెళ్లి ఫొటోలు ఒక జత వధువు పుట్టింట ఉంచాలి. మరొక జత ఆమె చేతిసంచిలోనే ఉండాలి, అత్తవారి పెట్టెలో కాదు.