శునకములకు ప్రయాణబాధ – నివారణోపాయములు

సేలమునుండి ఏర్కాడునకు పోవు ఘాటురోడ్డున 20 కొండమలుపులు కలవు. కడుపునిండ భుజించి ఆ దారిని బస్సులో పోవువారిలో కొందఱికి తలతిరిగి వాంతులగుట మీరెఱుగుదురు. కుక్కలకును ఇట్టి బాధ కలదు. రాజపాళయపు వేటకుక్క యైనను, వీథిలో పుట్టిన నాటుకుక్క యైనను దీనికి లోను కావచ్చును. నోరులేని ప్రాణి కావున మనమే గ్రహింపవలెను.

కారణము: ప్రతి చెవి లోపలను ద్రవముతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళములుండును. దేహము కదలినపుడు ఆ వార్త వానినుండి మెదడునకు చేరును. బండిలోపల కన్నులకు కదలిక కానరాదు. చెవులకు మాత్రము తెలియును. ఈ రెండు వార్తలును పొసగకపోవుటచే వికారము పుట్టును. కుక్కపిల్లలలో ఈ అవయవము పూర్తిగా ఎదుగకుండుటచే బాధ హెచ్చు. పెరిగినకొలది పెక్కింటికి తగ్గును. కొన్నింటికి భయమే కారణము. బండి యెక్కిన ప్రతిసారియు సూదిమందే యెదురైనచో, బండిని చూడగనే అవి వణకును.

లక్షణములు: చొల్లు కార్చుట, మాటిమాటికి ఆవులించుట, పెదవులు నాకికొనుట, మూలుగుట, తుదకు వాంతి.

నివారణ: ప్రయాణమునకు నాలుగైదు గంటల ముందునుండి తిండి పెట్టరాదు, నీరు కొద్దిగా ఈయవచ్చును. మిక్కిలి చిన్న పిల్లలను మాత్రము అంతసేపు పస్తుంచరాదు. కుక్క ముందువైపు చూచునట్లు కూర్చుండబెట్టి, కదలకుండ పట్టీతో కట్టవలెను. కిటికీ కొంచెము తెఱచి గాలి రానీయవలెను. దూరప్రయాణమున నడుమ నడుమ దింపి నడిపింపవలెను. ఎండలో నిలిపిన కారులో విడిచిపోరాదు; లోపలి వేడిమి స్వల్పకాలములోనే ప్రాణాంతకమగును.

అలవాటు చేయుటయే ఉత్తమోపాయము. మొదట నిలిచియున్న బండిలో కొంతసేపు కూర్చుండబెట్టుడు. పిదప వీథి చివఱవఱకు, ఆ పిదప దానికి ప్రియమైన తోటకో మైదానమునకో తీసికొనిపొండు.

ఇవి చాలనిచో పశువైద్యుని అడుగవలెను. మారోపిటెంట్ అను మాత్ర కుక్కలకొఱకే యేర్పడినది. వయస్సును, బరువును చూచి ఆయన నిర్ణయించును. మనుష్యుల మందులను సొంతముగా ఈయరాదు.

తలిదండ్రులకు ఒక మనవి. వాంతి చేసికొనునను విసుగుతో కుక్కపిల్లను ఆసుపత్రికి తీసికొనిపోవుట మానకుడు. మూడు మాసములు నిండగనే రేబిస్ టీకా వేయింపవలెను. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట కుక్కకైనను, మనుష్యునకైనను బ్రతుకు మిక్కిలి అరుదు. బండిలోని మురికిని కడుగవచ్చును. పోయిన ప్రాణమును తేలేము.

ప్రశ్నలు
1. బండిలో కుక్కకు వికారమేల కలుగును?
2. కుక్కకు బండి నెట్లు అలవాటు చేయవలెను?
3. ప్రయాణబాధకు వెఱచి టీకా మానుటవలన కలుగు కీడేమి?