ఊపిరితిత్తులలోని సూక్ష్మజీవ సమాజము

ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులు సూక్ష్మజీవరహితములని వైద్యగ్రంథములు చిరకాలము బోధించినవి. 2007లో అమెరికాలో ఆరంభమైన హ్యూమన్ మైక్రోబయోమ్ ప్రాజెక్టు సైతము తొలుత నోరు, ముక్కు, చర్మము, ప్రేవులు మున్నగువానిని పరిశీలించెనే గాని ఊపిరితిత్తులను చేర్చుకొనలేదు. ప్రయోగశాలలో పెంపకమునకు లొంగని బాక్టీరియాను సైతము 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువునుబట్టి గుర్తింపగల విధానము చేతికందిన పిమ్మట, ఉబ్బసరోగుల శ్వాసనాళములందలి జీవసమాజము ఆరోగ్యవంతులదానికంటె భిన్నమని 2010లో ఒక పరిశోధన ప్రకటింపగా, ఆ విశ్వాసము సడలినది.

ఆరోగ్యస్థితిలో ప్రివోటెల్లా, వెయిలొనెల్లా, స్ట్రెప్టోకాకస్ ప్రజాతులు ప్రధానముగా కానవచ్చును. ప్రేవులలోని జీవులవలె ఇవి స్థిరనివాసులు కావు. నిద్రలో మనకు తెలియకయే నోటినుండి జారు లాలాజల కణములతో ఇవి లోనికి చేరుచుండగా, దగ్గును, శ్వాసనాళపు సూక్ష్మకేశముల నిరంతర చలనమును, రక్షకకణములును వీనిని తొలగించుచుండును. ఈ రాకపోకల సమతూకమే అచటి జీవసమాజమును నిర్ణయించుననుట పరీక్షాభ్యర్థులు ముఖ్యముగా గ్రహింపవలసిన విషయము.

ఆ సమతూకము చెడుటకు డిస్‌బయోసిస్ అని పేరు. ఉబ్బసమునందును, దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధి (సీఓపీడీ) యందును హీమోఫిలస్ వంటి ప్రోటియోబాక్టీరియా తరచుగా హెచ్చును. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో చిక్కబడిన శ్లేష్మము తొలగక నిలిచిపోవుటచే సూడోమోనాస్ ఎరుజినోసా తిష్ఠవేయును. అయితే జీవసమాజపు మార్పు రోగమునకు కారణమో, ఫలితమో అన్ని సందర్భములలోను నిర్ధారితము కాలేదు గనుక, "కారణము" అని నిశ్చయముగా చెప్పు జవాబులను తొందరపడి ఎంచుకొనరాదు.

ఊపిరితిత్తులలోని జీవులే గాక, ప్రేవులలోని జీవులకును శ్వాసకోశముతో సంబంధము కలదు. ప్రేవులలోని బాక్టీరియా పీచుపదార్థమును పులియబెట్టి తయారుచేయు హ్రస్వశృంఖల కొవ్వు ఆమ్లములు రోగనిరోధకవ్యవస్థ ద్వారమున శ్వాసకోశమును ప్రభావితము చేయును. దీనినే గట్–లంగ్ యాక్సిస్ అందురు.