టైమర్‌కు తెలియని పదును

ఇరిగేషన్ ఆటోమేషన్ ప్రాజెక్ట్ అనగానే మనకు మొదట తట్టేది టైమర్. ఆరు రోజులకోసారి మోటర్ ఆన్, అయిపోయింది! కానీ ఆ టైమర్‌ను రాయికోడ్ వైపు తీసుకెళ్తే ఏమవుతుందో ఒక్కసారి లెక్క వేద్దాం.

జహీరాబాద్ ప్రాంతంలో నల్లరేగడీ ఉంది, ఎర్ర చెలకా ఉంది. ఒక రైతుకు రెండు రకాల నేలా ఉందనుకుందాం. బోరు ఒక్కటే, పంటా ఒక్కటే, వేర్లు 60 సెంటీమీటర్ల లోతు.

మీటరు లోతు చెలక సుమారు 100 మిల్లీమీటర్ల నీటిని పంటకు అందేలా పట్టి ఉంచుతుంది. రేగడి అయితే దాదాపు 200. అంటే వేర్లకు దొరికేది చెలకలో 60, రేగడిలో 120. అందులో సగం అయిపోగానే తడి ఇవ్వాలి, లేకపోతే పంట బెట్టకొస్తుంది. ఎండాకాలంలో పంట రోజుకు 5 మిల్లీమీటర్లు వాడుకుంటే:

చెలక: 30 ÷ 5 = 6 రోజులు
రేగడి: 60 ÷ 5 = 12 రోజులు

రేగడి లెక్కన పన్నెండు రోజులకోసారి పెడితే చెలకలో పంట మధ్యలోనే వాడిపోతుంది. పోనీ చెలకకు ఆరు రోజులకే తడి ఇచ్చినా, రేగడి లెక్కన ఒకేసారి 60 మిల్లీమీటర్లు పెడితే సగం నీళ్లు వేర్లు దాటి కిందికి ఇంకిపోతాయి. ఎకరానికి ఒక మిల్లీమీటరు అంటే సుమారు 4,000 లీటర్లు. అంటే ఒక్క తడికే లక్షా ఇరవై వేల లీటర్ల బోరు నీళ్లు పంటకు దక్కకుండా పోయినట్టే! అదే రేగడిలో అవసరానికి మించి పెడితే వేర్లకు గాలి ఆడదు. యాసంగి శనగ అయితే ఆకు ఏపుగా పెరిగి, కాయ తగ్గుతుంది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. కరెంటుకు బిల్లు లేదు కాబట్టి ఎక్కువ నడిచినా జేబుకు తెలియదు. బోరుకు మాత్రం తెలుస్తుంది.

మరి రైతు ఎలా చూస్తాడు? అడుగు లోతు తవ్వి, పిడికెడు మట్టి పిసికి చూస్తాడు. చెలక మట్టి ఉండ కట్టకుండా రాలిపోతే తడి పెట్టాలి. రేగడి మట్టి బొటనవేలితో నొక్కితే రిబ్బన్‌లా సాగుతోందంటే ఇంకా ఆగొచ్చు. దీన్నే పదును చూడటం అంటారు. మన సాయిల్ మాయిశ్చర్ సెన్సర్ చేసేదీ ఇదే పని.

కాబట్టి ప్రాజెక్ట్ చేసేవాళ్లకు ఒక్క మాట. రెండు నేలలకు రెండు సెన్సర్లు, రెండు వేర్వేరు సెట్టింగులు, రెండు వాల్వులు పెట్టండి. కోడ్ రాసే ముందు ఒకసారి చేతికి మట్టి అంటించుకోండి.