చుక్కల నుండి దీర్ఘవృత్తం

పండుగనాడు అరిసెలు పేర్చిన ఇత్తడి పళ్ళాన్ని ఒక ప్రక్కనుండి ఫొటో తీస్తే గుండ్రని అంచు దీర్ఘవృత్తంగా కనబడుతుంది. ఆ అంచుమీద పన్నెండు చోట్ల చుక్కలు పెట్టి, వాటి కొలతలనుండి దీర్ఘవృత్తపు సమీకరణాన్ని రాబట్టగలమా? చుక్క పెట్టే చేయి కొంత వణుకుతుంది గనుక అన్ని చుక్కలూ ఒకే వక్రంపై నిలవవు. చిక్కంతా అక్కడే ఉన్నది.

కళాశాలలో చదివిన శాంకవ సమీకరణాన్ని జ్ఞప్తికి తెచ్చుకుందాం:

కయ² + ఖయర + గర² + ఘయ + చర + జ = 0

య, ర అనేవి చుక్క యొక్క అడ్డు, నిలువు కొలతలు. తక్కిన ఆరు అక్షరాలు గుణకాలు. సమీకరణాన్నంతా ఒకే సంఖ్యతో గుణించినా వక్రం మారదు కాబట్టి నిజంగా తెలియవలసినవి ఐదు నిష్పత్తులే. ఐదు చుక్కలుంటే సాధారణంగా చాలు. పన్నెండుంటే అన్నింటినీ తృప్తిపరచే వక్రం దొరకదు. అప్పుడు ప్రతి చుక్క వద్ద ఎడమవైపు వచ్చే విలువను వర్గం చేసి, ఆ వర్గాల మొత్తాన్ని వీలైనంత తగ్గిస్తాము. లెజాండ్ర్ 1805లోను, గౌస్ 1809లోను ప్రచురించిన కనిష్ఠ వర్గాల పద్ధతి ఇదే.

అయితే ఆరు గుణకాలనూ సున్న చేస్తే మొత్తం దోషం కూడా సున్నయే! ఆ దొంగదారిని మూయడానికి ఏదో ఒక నిబంధన కావాలి. జ = 1 అన్నామా, చుక్కలు కొద్దిపాటి చాపం మీదనే ఉన్నప్పుడు దీర్ఘవృత్తానికి బదులు అతిపరావలయం రావచ్చు. ఫిట్జ్‌గిబ్బన్, పీలు, ఫిషర్ 1999లో ప్రచురించిన వ్యాసంలో 4కగ − ఖ² = 1 అనే నిబంధన పెట్టారు. ఈ రాశి ధనాత్మకమైతే వక్రం అతిపరావలయం గాని పరావలయం గాని కాజాలదు. పైగా ఐగెన్ విలువల లెక్కతో జవాబు ఒక్కసారిగా వస్తుంది.

కాని ఇందులో తగ్గించినది నిజమైన దూరం కాదు. పొడవు వెడల్పుకు రెండింతలైన దీర్ఘవృత్తంలో, ప్రక్కల వద్ద ఒక మిల్లీమీటరు తప్పు కొనల వద్ద అంతే తప్పుకు సుమారు రెండింతలుగా లెక్కకు వస్తుంది. న్యాయంగా అయితే చుక్కనుండి వక్రానికి గీసిన లంబాన్నే కొలవాలి. దానికి చుక్కచుక్కకూ నాలుగవ ఘాతపు సమీకరణం ఎదురై, లెక్కను మళ్ళీ మళ్ళీ సవరించుకోవలసి వస్తుంది. మొదటి పద్ధతి జవాబును ఆధారంగా తీసుకొని రెండవదానితో సవరించడం మంచిదని నా అభిప్రాయం.

ఏ పద్ధతికైనా చిన్న చాపమే పరీక్ష. 1801 జనవరి 1న పలెర్మోలో పియాజ్జీ కనుగొన్న సెరిస్‌ను ఫిబ్రవరి 11 వరకే చూడగలిగాడు. తరువాత అది సూర్యకాంతిలో మరుగైనది. అది సూర్యుని చుట్టి రావడానికి నాలుగున్నర ఏళ్ళకు పైగా పడుతుంది. చేతికందినది నలభై ఒక్క రోజుల దారి మాత్రమే. అయినా ఇరవై నాలుగేళ్ళ గౌస్ కక్ష్యను గణించగా, అతడు చెప్పినచోటికి దగ్గరలోనే ఆ సంవత్సరం డిసెంబరు 31న జాక్ దానిని తిరిగి గుర్తించాడు. సూర్యుడు నాభివద్ద ఉన్నాడనీ, ఏ చుక్క ఏ వేళదనీ గౌస్‌కు ముందే తెలుసు. కెప్లర్ సూత్రాలు తోడున్నాయి.

మన పళ్ళానికి అటువంటి తోడు లేదు. చుక్కలను అంచు చుట్టూ పరచి పెట్టాలి. అరిసెలు అడ్డువస్తే రెండు తిని, మరొక ఫొటో తీయడమే మేలు.