యాప్ మేలుకుని ఉండాలి, తాళం మాత్రం పడి ఉండాలి

కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకుని కూడా మళ్ళీ డైరీ చివరి పేజీకి వెళ్ళిపోయినవాళ్ళని ఎందుకండీ అని అడిగి చూడండి. “కావలసినప్పుడు అది తెరిచి ఉండదు” అంటారు. బ్యాంకు పేజీ ఎదురుగా ఉంటుంది, పాస్‌వర్డ్ గడి ఖాళీగా ఉంటుంది. మేనేజర్ ఎక్కడుందో వెతికి, తెరిచి, మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టి వచ్చేసరికి బ్యాంకువాళ్ళ సెషన్ గడువు అయిపోతుంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. నాలుగైదు సెట్టింగులు సరిచేస్తే పోయే బాధ.

కీపాస్ఎక్స్‌సీ సంగతి తీసుకుందాం. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. పాస్‌వర్డులన్నీ మీ డిస్క్ మీదే ఒక ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలులో ఉంటాయి, దాని పేరు చివర కేడీబీఎక్స్ అని ఉంటుంది. బ్రౌజర్‌లో వేసుకునే ఎక్స్‌టెన్షన్ దగ్గర పాస్‌వర్డులు ఉండవు. అది ప్రతిసారీ ఈ యాప్‌నే అడిగి తెచ్చుకుంటుంది. యాప్ మూసి ఉంటే అడిగినా పలికేవాళ్ళు లేరు. అయితే యాప్ నడుస్తూ ఉండటం వేరు, లోపలి ఫైలు తెరుచుకుని ఉండటం వేరు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజంతా గేటు దగ్గరే ఉంటాడు, అలాగని మన బీరువాలు బార్లా తెరిచి పెట్టుకోం కదా. ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పేదంతా సులువు.

ముందు టూల్స్ మెనూలో సెట్టింగ్స్ తెరవండి. జనరల్ విభాగంలోనే, సిస్టమ్ స్టార్టప్‌లో కీపాస్ఎక్స్‌సీని దానంతట అదే లాంచ్ చేయమనే గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టండి. యాప్ మొదలవగానే విండోని మినిమైజ్ చేయమనే గడికి కూడా పెట్టండి, లేకపోతే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఈ విండో మొహం మీదకి వస్తుంది. కిందటిసారి తెరిచిన డేటాబేస్‌ని, అంటే ఆ పాస్‌వర్డుల ఫైలుని, గుర్తుపెట్టుకుని మళ్ళీ చూపించమనే గడి కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది. అది ఉంటే రోజూ ఫైలు ఎక్కడుందో వెతుక్కునే పని తప్పుతుంది.

తర్వాతి పని అదే జనరల్ కింద ఉన్న యూజర్ ఇంటర్‌ఫేస్ భాగంలో. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మామూలుగా కుడివైపు పైన ఇంటూ గుర్తు నొక్కితే యాప్ పూర్తిగా మూసుకుపోతుంది. విండో కనపడకపోతే చాలనుకుని మనం నొక్కుతాం, యాప్ మాత్రం ఇంటికెళ్ళిపోతుంది. అందుకని ముందు సిస్టమ్ ట్రే ఐకాన్ చూపించమనండి. ఆ తర్వాత మినిమైజ్ చేస్తే ట్రేలో దాక్కోమని, మూసేసే బదులు మినిమైజ్ అవమని చెప్పే గడులకి టిక్ పెట్టండి. ఇక ఇంటూ నొక్కినా యాప్ గడియారం పక్కకి వెళ్ళి కూర్చుంటుంది. నిజంగానే మూసేయాలంటే ఆ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి క్విట్ నొక్కాలి.

విండోస్ 11లో ఆ ఐకాన్ నేరుగా కనపడకపోవచ్చు, పై బాణం గుర్తు వెనక ఉంటుంది. బాణం నొక్కి, ఐకాన్‌ని పట్టుకుని టాస్క్‌బార్ మీదకి లాగండి. ఉబుంటు వాడేవాళ్ళకి ఇబ్బంది లేదు. మామూలు గ్నోమ్ డెస్క్‌టాప్‌లో మాత్రం ట్రే అనేదే ఉండదు, యాప్‌ఇండికేటర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే తప్ప ఐకాన్ రాదు. అది లేకుండా యాప్‌ని దాచేశామో, మళ్ళీ ఎలా పిలవాలో తెలియక తల పట్టుకోవాల్సిందే.

ఇప్పుడు సెక్యూరిటీ విభాగం. తొందరపడకుండా చూడాల్సింది ఇదే.

కొంతసేపు వాడకపోతే లాక్ చేయమనే గడిలో 240 సెకన్లు అని ఉంటుంది. అంటే 4 నిమిషాలు. ఆ లెక్క ఈ యాప్‌ని ముట్టుకోని సమయానిది. మీరు పక్కన వర్డ్‌లో ఎంత టైపు చేస్తున్నా దానికి పట్టదు. పని మధ్యలో మాటిమాటికీ మాస్టర్ పాస్‌వర్డ్ అడుగుతుంటే విసుగొచ్చి ఆ గడే తీసేస్తారు చాలామంది. తీసేయకండి, 900 చేయండి. పావుగంట ఇంట్లో పనికి సరిపోతుంది. నలుగురు తిరిగే ఆఫీసులో అయితే నేను 300 దాటనివ్వను.

దానికన్నా ముఖ్యం, కంప్యూటర్ లాక్ అయినా ల్యాప్‌టాప్ మూత మూసినా డేటాబేస్ లాక్ అవ్వాలనే గడి. దానికి టిక్ ఉందో లేదో తప్పకుండా చూడండి. అది ఉంటే, టీకి లేచేటప్పుడు విండోస్ కీతో ఎల్ నొక్కితే రెండు తాళాలూ ఒకేసారి పడతాయి. ఇక విండో మినిమైజ్ అవగానే లాక్ చేయమనే గడి ఒకటుంది. చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉంటుంది గానీ మన ఏర్పాటుకి అడ్డం. ట్రేలో దాక్కున్న ప్రతిసారీ తాళం పడుతుంది, బ్రౌజర్ అడిగిన ప్రతిసారీ మళ్ళీ తెరవాలి. దాన్ని ఖాళీగా వదిలేయండి. కాపీ చేసిన పాస్‌వర్డ్‌ని క్లిప్‌బోర్డ్ నుంచి 10 సెకన్లలో చెరిపేసే ఏర్పాటు మాత్రం కదపొద్దు.

వేలిముద్రతో తెరుచుకునే సౌకర్యం ఉన్న కంప్యూటర్ అయితే ఇంకా హాయి. 2022 మార్చిలో వచ్చిన 2.7 వెర్షన్ నుంచి విండోస్ హలోతో క్విక్ అన్‌లాక్ ఉంది. రోజు మొదట్లో ఒకసారి మాస్టర్ పాస్‌వర్డ్ కొడితే, తర్వాత లాక్ పడినప్పుడల్లా వేలు పెడితే చాలు. యాప్‌ని క్విట్ చేస్తే మాత్రం ఆ సుఖం పోతుంది, మళ్ళీ పూర్తి పాస్‌వర్డ్ కొట్టాల్సిందే. యాప్‌ని మూయకుండా ఉంచమనడానికి ఇదొక్కటి చాలు.

చివరిది బ్రౌజర్. సెట్టింగ్స్‌లో బ్రౌజర్ ఇంటిగ్రేషన్ ఆన్ చేసి, మీరు వాడేది క్రోమా, ఫైర్‌ఫాక్సా, ఎడ్జా టిక్ పెట్టండి. లాక్ అయి ఉంటే తెరవమని అడగాలనే గడి కూడా అక్కడే ఉంటుంది, దాన్ని వదలకండి. తర్వాత బ్రౌజర్‌లో కీపాస్ఎక్స్‌సీ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని, డేటాబేస్ తెరిచి ఉండగా కనెక్ట్ నొక్కండి. యాప్ ఈ కనెక్షన్‌కి ఒక పేరు అడుగుతుంది. “ఇంటి ల్యాప్‌టాప్ ఫైర్‌ఫాక్స్” లాంటిది పెట్టండి. రేపు ఆ ల్యాప్‌టాప్ అమ్మేసినప్పుడు ఏ అనుమతి రద్దు చేయాలో తెలుస్తుంది.

అన్నీ అయ్యాక రీస్టార్ట్ చేసి చూడండి. ట్రేలో ఐకాన్ రావాలి, ఏదైనా లాగిన్ పేజీలో ఎక్స్‌టెన్షన్ నొక్కితే అన్‌లాక్ అడగాలి. ఐకాన్ రాకపోతే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూడండి. కంప్యూటర్ నెమ్మదించిందని ఎవరో చెబితే అక్కడ అన్నీ డిజేబుల్ చేసేసే అలవాటు మనకి ఉంది, ఇదీ ఆ దెబ్బకే పోయి ఉంటుంది.

ఇంకో మాట. ఇంటిల్లిపాదీ ఒకే విండోస్ ఖాతాలో పని చేసుకుంటుంటే ఇదంతా మొదలుపెట్టకముందే ఎవరి ఖాతా వాళ్ళకి విడిగా తెరవండి. మీరు తెరిచి వదిలేసిన డేటాబేస్ ముందు తర్వాత ఎవరు కూర్చుంటారో ఈ యాప్‌కి తెలియదు.